మేఫ్లవర్ ఎక్కిన స్టీఫెన్ హాప్కిన్స్ ఏ ఊరివాడు? ఒక వంశ పరిశోధన కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరకు ఒక తెలుగు కుటుంబం నుంచే వచ్చింది. అబ్బాయి అమెరికాలో స్థిరపడ్డాడు, కోడలు మసాచుసెట్స్ అమ్మాయి. మనవరాలికి రెండు వైపుల వంశవృక్షం రాయించి ఇవ్వాలని నాయనమ్మ గారి కోరిక. "మా వైపు ఎంత శ్రద్ధగా చూస్తావో వాళ్ళ వైపూ అంతే శ్రద్ధగా చూడు బాబూ" అని ఆవిడ ముందే చెప్పారు. కోడలి ఇంట్లో అప్పటికే ఒక ట్రీ ఉంది, ఎవరో ఇంటర్నెట్ నుంచి దింపి ప్రింట్ తీసింది. దాని ప్రకారం ఆ అమ్మాయి మేఫ్లవర్ ప్రయాణికుడు స్టీఫెన్ హాప్కిన్స్ వంశంలోది. మేఫ్లవర్ అంటే 1620లో ఇంగ్లాండు నుంచి వలస వెళ్ళినవాళ్ళను ఇప్పటి మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌కు చేర్చిన ఓడ. స్టీఫెన్‌ది ఇంగ్లాండులో గ్లాస్టర్‌షైర్ కౌంటీలోని వాటన్-అండర్-ఎడ్జ్ అనే ఊరు. మొదటి భార్య పేరు కాన్‌స్టన్స్ డడ్లీ. డడ్లీ అనే పేరు పట్టుకుని ఆ చెట్టు అక్కడి నుంచి ప్రభువుల ఇళ్ళలోకి, ఇంకా పైకి రాజుల దాకా పాకింది.

నన్ను అడిగింది ఒక్కటే: ఇందులో ఎంత నిజం?

స్టీఫెన్ వరకు నిజం. అక్కడి నుంచి పైకి దాదాపు ఏదీ నిలవదు. అది ఎందుకు నిలవదో, దాని బదులు ఏది నిలుస్తుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. హాప్కిన్స్ మూలాలు నేను కొత్తగా కనిపెట్టినవి కావు. వేరే పరిశోధకులు 1998లోనూ, ఆ తర్వాతా ప్రచురించిన పనిని తిరిగి పరీక్షించి, ఒక్కో మెట్టు ఎంత బరువు మోయగలదో తూచడం నా పని. వంశ పరిశోధనలో ఎక్కువ భాగం ఇలాంటి తూకమే. కొత్తగా ఈ రంగంలోకి వస్తున్న మన వాళ్ళకు ఈ కేసు కంటే మంచి పాఠం దొరకదని నా గట్టి నమ్మకం.

అమెరికా వైపు

కోడలి నుంచి వెనక్కి వెళ్ళడం పెద్ద కష్టం కాలేదు. మసాచుసెట్స్ ఊళ్ళలో పుట్టుక, పెళ్ళి, చావు వివరాలు పదిహేడో శతాబ్దం నుంచే రాసి పెట్టుకున్నారు. చాలా ఊళ్ళకు 1850 వరకు ఉన్న వివరాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. 1841 నుంచి రాష్ట్ర ప్రభుత్వ రికార్డు కూడా ఉంది. 1897లో ఏర్పడిన మేఫ్లవర్ వారసుల సొసైటీ ఒక్కో ప్రయాణికుడికి మొదటి ఐదు తరాలను ఆధారాలతో పుస్తకాలుగా వేసింది. వెండి రంగు అట్ట వల్ల వాటిని సిల్వర్ బుక్స్ అంటారు. మధ్య తరాలకు వీలునామాలు, భూమి దస్తావేజులు సరిపోయాయి. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, ఒక్క జాగ్రత్త తప్ప.

కోడలి వంశం స్టీఫెన్ కూతురు కాన్‌స్టన్స్ ద్వారా వస్తుంది. కాన్‌స్టన్స్ భర్త నికొలస్ స్నో 1623లో యాన్ అనే ఓడలో ప్లిమత్ వచ్చాడు. తర్వాత కాపురం కేప్ కాడ్‌లోని ఈస్ట్‌హామ్‌కు మారింది. ప్లిమత్ గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ 1650 ప్రాంతంలో రాసిన లెక్క ప్రకారం ఆమెకు పన్నెండు మంది పిల్లలు, అప్పటికి అందరూ బతికే ఉన్నారు. కానీ ఈ పన్నెండు మందిలో పేర్లు ఖాయంగా తెలిసింది తొమ్మిది మందివే. మిగిలిన ముగ్గురి ఖాళీ చాలామందికి ఆశ పెడుతుంది. తమ వంశంలో మొదలు తెలియని స్నో ఎవరైనా కనిపిస్తే చాలు, ఆ మూడు ఖాళీల్లో ఒకదాంట్లో కూర్చోబెడతారు. ఆన్‌లైన్ ట్రీల్లో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మన కోడలి వరస మాత్రం నికొలస్ వీలునామాలో పేరున్న కొడుకు ద్వారానే వస్తోంది కాబట్టి ఆ బెంగ లేదు.

స్టీఫెన్ గురించి సముద్రానికి ఇవతల, అమెరికాలో, ఏం తెలుసు?

అసలు సమస్య సముద్రం దాటడంలో ఉంది. వలస వచ్చిన మొదటి తరం ఇంగ్లీషు వాళ్ళలో చాలామంది తమ సొంత ఊరి పేరు ఎక్కడా రాయలేదు. స్టీఫెన్ కూడా అంతే. అందుకని అవతలి ఒడ్డున వెతకడం మొదలుపెట్టే ముందు, ఇవతలి కాగితాల నుంచి అతని కుటుంబం రూపం గీసుకోవాలి. వ్యక్తి పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే దారి తప్పడం ఖాయం. గోదావరి జిల్లాల్లో ఒకే ఇంటి పేరున్న వెంకటేశ్వర్లు ఎంతమంది ఉంటారో, ఆనాటి దక్షిణ ఇంగ్లాండులో స్టీఫెన్ హాప్కిన్స్‌లు కూడా అలాగే ఉన్నారు.

మొదటి కాగితం బ్రాడ్‌ఫర్డ్ రాసిన ప్రయాణికుల జాబితా. అందులో స్టీఫెన్, భార్య ఎలిజబెత్, జైల్స్, కాన్‌స్టన్స్ అనే ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఈ ఇద్దరూ మొదటి భార్య పిల్లలని స్పష్టంగా ఉంది. రెండో భార్యకు పుట్టిన డామరిస్, ఓడలోనే పుట్టిన ఓషనస్, ఎడ్వర్డ్ డోటీ, ఎడ్వర్డ్ లీస్టర్ అనే ఇద్దరు పనివాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఈ కేసు మొత్తానికి ఇరుసు లాంటి వాక్యం ఆ మొదటి భార్య గురించినదే. బ్రాడ్‌ఫర్డ్ చేతిరాత ప్రతి అమెరికా నుంచి మాయమై, లండన్ బిషప్ ఉండే ఫుల్‌హామ్ ప్యాలెస్ లైబ్రరీలో 1855లో బయటపడింది. 1856లో అచ్చయింది. 1897లో మసాచుసెట్స్‌కు తిరిగి వచ్చింది. అంతకుముందు రాసిన వంశ చరిత్రలకు ఈ సమాచారం అందుబాటులో లేదని గుర్తుంచుకోవాలి. పాత పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అది రాసిన నాటికి ఏ ఆధారాలు తెలుసో చూసుకోవాలి.

రెండోది 1627 మే 22 నాటి పశువుల పంపకం. కాలనీలో ఉన్న పశువులను కుటుంబాల వారీగా పంచి, ప్రతి వాటాలో ఎవరెవరున్నారో పేర్లు రాశారు. జనాభా లెక్కల్లేని ఊరికి ఇదే జనాభా లెక్క. ఏడో వాటా హాప్కిన్స్ వాళ్ళది. జైల్స్, కేలబ్, డెబొరా, పెళ్ళయిన కాన్‌స్టన్స్, అల్లుడు నికొలస్ అందరూ అందులో కనిపిస్తారు. ఓషనస్ కనిపించడు. అప్పటికే చనిపోయాడని అర్థం.

మూడోది 1644 జూన్ 6న స్టీఫెన్ రాసిన వీలునామా. చనిపోయిన భార్య పక్కనే తనను పాతిపెట్టమన్నాడు. జైల్స్‌కు పెద్ద ఎద్దు, కాన్‌స్టన్స్‌కు ఆడగుర్రం ఇచ్చాడు. డెబొరా, డామరిస్, రూత్, ఎలిజబెత్ అనే పెళ్ళికాని కూతుళ్ళ పేర్లున్నాయి, కేలబ్‌ను వారసుడిగా చెప్పాడు. సాక్షులు మైల్స్ స్టాండిష్, విలియం బ్రాడ్‌ఫర్డ్. అదే ఏడాది ఆగస్టు 20న వీలునామా రుజువైంది. ఇంగ్లాండులో ఆస్తి ఉన్నట్టు గానీ, బంధువులున్నట్టు గానీ ఒక్క మాట లేదు. చాలా వలస కుటుంబాల్లో ఇంగ్లాండు ఊరు బయటపడేది ఇలాంటి మాటల వల్లే. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది.

మొత్తానికి మనకు కావలసింది ఇది: మొదటి భార్య 1620కి బాగా ముందే చనిపోయిన స్టీఫెన్ హాప్కిన్స్, అతనికి కాన్‌స్టన్స్, జైల్స్ అనే పిల్లలు. ఈ ముగ్గురి పేర్లూ ఒకే చోట, సరైన వయసుల్లో దొరకాలి.

పాత కథ ఎందుకు నిలవదు

వాటన్-అండర్-ఎడ్జ్ కథకు ఆధారం పేర్ల పోలిక మాత్రమే. ఆ ప్రాంతంలో హాప్కిన్స్‌లు ఉన్నారు, కాలం దగ్గరగా ఉంది, ఇంకేం కావాలి అన్న ధోరణి. అక్కడ స్టీఫెన్‌కు జైల్స్, కాన్‌స్టన్స్ పుట్టినట్టు చూపించే కాగితం లేదు. అక్కడి మనిషి ఓడెక్కాడనే సూచన కూడా లేదు. కాన్‌స్టన్స్ డడ్లీ సంగతి మరీ బలహీనం. కూతురి పేరు కాన్‌స్టన్స్ కాబట్టి తల్లి పేరు కూడా అదే అయి ఉంటుందన్న ఊహకు పెద్దింటి పేరు ఒకటి అతికించారు. ఆ పెళ్ళికి రుజువు లేదు. అయినా ఈ కథ పుస్తకం నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి వెబ్‌సైట్‌కు పాకుతూ వందల ట్రీల్లో స్థిరపడింది. ఒకే తప్పును వంద మంది కాపీ చేసుకుంటే అది వంద సాక్ష్యాలు కాదు, ఒక్కటే. ప్రతి వాదానికీ మొదటి మూలం ఎక్కడుందో వెనక్కి వెళ్ళి చూడాలి. ఈ కథలో వెనక్కి వెళ్తే చివరికి ఏ రిజిస్టరూ లేదు.

హర్స్‌లీ

1998లో కేలబ్ జాన్సన్ అనే పరిశోధకుడు ది అమెరికన్ జీనియాలజిస్ట్ పత్రికలో స్టీఫెన్ అసలు మూలాలను ప్రచురించాడు. ఊరు హాంప్‌షైర్ కౌంటీలో వించెస్టర్‌కు దగ్గరలో ఉన్న హర్స్‌లీ. అక్కడి చర్చి రిజిస్టర్లో స్టీఫెన్ హాప్కిన్స్ పిల్లల బాప్టిజాలు మూడు ఉన్నాయి: ఎలిజబెత్ 1604 మార్చి, కాన్‌స్టన్స్ 1606 మే 11, జైల్స్ 1608 జనవరి 30. తల్లి పేరు మేరీ. ఆమెను 1613 మే 9న అదే ఊళ్ళో పాతిపెట్టారు.

ఇంగ్లాండులో ప్రతి పారిష్ (ఒక చర్చి పరిధిలోకి వచ్చే ఊరు) చర్చిలో బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసి ఉంచాలని 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాడు. 1598లో వాటిని గట్టి తోలు కాగితం మీదకు ఎక్కించమన్నారు, ఏటా ఒక నకలు బిషప్‌కు పంపమన్నారు. ఎప్పుడైనా అసలు రిజిస్టర్ పోయినా, తడిసినా బిషప్ దగ్గరి నకలు దొరికే అవకాశం ఉంటుంది. ఇది తెలియక చాలామంది పని మధ్యలో ఆపేస్తారు. మరో చిక్కు తేదీలది. ఆ రోజుల్లో ఇంగ్లాండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752 వరకు అంతే. అందుకని జైల్స్ బాప్టిజం రిజిస్టర్లో 1607 జనవరిగా కనిపిస్తుంది, మన లెక్కలో అది 1608. ఈ తేడా పట్టించుకోకపోతే అక్క, తమ్ముడి మధ్య ఎడం ఏడాది ఎనిమిది నెలల బదులు ఎనిమిది నెలలుగా తేలి, రికార్డే తప్పని కొట్టేసే ప్రమాదం ఉంది.

ఇంకో మాట. బాప్టిజం తేదీ పుట్టిన తేదీ కాదు. ఆన్‌లైన్ ట్రీల్లో ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోతుంటాయి. నా రిపోర్టుల్లో మాత్రం రెండిటికీ వేరువేరు గడులు ఉంటాయి.

హర్స్‌లీ ఎందుకు నమ్మదగ్గది? కాన్‌స్టన్స్, జైల్స్ పేర్లు ఆ రోజుల్లో వింతైనవి కాకపోయినా, జాన్, విలియం, మేరీలంత సాధారణం కూడా కాదు. తండ్రి స్టీఫెన్ హాప్కిన్స్, పిల్లల్లో కాన్‌స్టన్స్ పెద్దది, జైల్స్ చిన్నవాడు. తల్లి 1613కే పోయింది, అంటే బ్రాడ్‌ఫర్డ్ చెప్పిన మొదటి భార్యకు సరిపోతుంది. ఇన్ని వివరాలు ఒకే పారిష్‌లో కలవడం యాదృచ్ఛికం అని నేను ఒప్పుకోలేను. పెద్దమ్మాయి ఎలిజబెత్ మేఫ్లవర్ జాబితాలో లేదు. తర్వాత ప్లిమత్‌లో స్టీఫెన్ ఇంకో కూతురికి ఎలిజబెత్ అని పేరు పెట్టాడు. మొదటి బిడ్డ చనిపోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టడం వాళ్ళలో మామూలే. ఇదే ఇంట్లో ఇద్దరు డామరిస్‌లు కూడా ఉన్నారు. ఓడలో వచ్చిన డామరిస్ పోయాక పుట్టిన రెండో డామరిస్ 1646లో జేకబ్ కుక్‌ను పెళ్ళాడింది. ఇద్దరినీ ఒకరిగా కలిపేసిన ట్రీలు చాలా ఉన్నాయి.

బెర్ముడా సాక్ష్యం

ఈ కేసులో నన్ను నిజంగా కదిలించిన భాగం ఇది. 1609 జూన్‌లో వర్జీనియాకు బయలుదేరిన ఓడల్లో సీ వెంచర్ ఒకటి. జూలై చివర్లో తుఫానులో చిక్కుకుని బెర్ముడా రాళ్ళలో ఇరుక్కుపోయింది. మనుషులు బతికి బయటపడి, నెలల తరబడి ఆ దీవిలో ఉండి, రెండు చిన్న ఓడలు కట్టుకుని 1610 మేలో వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చేరారు. వాళ్ళలో ఉన్న విలియం స్ట్రేచీ ఆ కథంతా రాశాడు, అది 1625లో అచ్చయింది. అందులో స్టీఫెన్ హాప్కిన్స్ అనే అతను ఉన్నాడు. బైబిల్ బాగా తెలిసినవాడు, పాస్టర్‌కు సహాయకుడిగా ఆదివారాలు కీర్తనలు చదివేవాడు. ఓడ బద్దలైంది కాబట్టి గవర్నర్ అధికారం కూడా అక్కడితో ముగిసిందని 1610 జనవరిలో తోటివాళ్ళతో వాదించాడు. తిరుగుబాటు నేరం కింద అతనికి మరణశిక్ష పడింది. తన చావుతో భార్యాపిల్లలు నాశనమైపోతారని ఏడ్చి బతిమాలాడు. పెద్దలు జోక్యం చేసుకుంటే క్షమాభిక్ష దొరికింది.

ఈ బెర్ముడా స్టీఫెన్, మేఫ్లవర్ స్టీఫెన్ ఒక్కడేనా? ఒక్కడే అని చెప్పే కాగితం ఏదీ లేదు. కానీ సూచనలు చూడండి. 1620 నవంబరులో కేప్ కాడ్ అడవిలో వంచి కట్టిన చెట్టుకొమ్మ కనిపిస్తే, అది జింకలకు పెట్టిన ఉచ్చు అని చెప్పింది హాప్కిన్సే. కాసేపటికి బ్రాడ్‌ఫర్డ్ కాలు అందులోనే పడింది. 1621 మార్చిలో సమొసెట్ అనే స్థానికుడు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఆ రాత్రి పడుకోబెట్టింది హాప్కిన్స్ ఇంట్లో. ఆ వేసవిలో మాససోయిట్ అనే నాయకుడి దగ్గరకు దూతలుగా వెళ్ళిన ఇద్దరిలో హాప్కిన్స్ ఒకడు. స్థానికులతో అనుభవం ఉన్నవాడిగా అందరూ అతన్నే ముందుకు పెట్టారు. వర్జీనియాలో గడిపి వచ్చిన మనిషికి ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు హర్స్‌లీ రిజిస్టర్‌ను స్ట్రేచీ కథ పక్కన పెట్టండి. 1604, 1606, 1608, రెండేళ్ళకు ఒక బిడ్డ చొప్పున బాప్టిజాలు. 1608 తర్వాత ఒక్కటీ లేదు. తండ్రి 1609 వేసవిలో సముద్రం మీదున్నాడు. 1610లో బెర్ముడాలో ఏడ్చిన మనిషికి ఇంటి దగ్గర భార్య, పిల్లలు ఉన్నారు. ఒక కాగితం ఇంకో కాగితాన్ని చూసి రాసింది కాదు. రెండూ విడివిడిగా పుట్టి ఒకే మనిషి వైపు చూపిస్తున్నాయి. విడివిడి ఆధారాలు ఇలా కలిసినప్పుడే నేను 'బలమైన' అనే మాట వాడతాను.

తెలుగు పాఠకులకు ఒక పక్క మాట. స్టీఫెన్ వర్జీనియా చేరిన మరుసటి ఏడాదే, 1611లో, ఈస్టిండియా కంపెనీ వాళ్ళ గ్లోబ్ ఓడ మచిలీపట్నం వచ్చింది. అటు వెళ్ళిన వాళ్ళూ ఇటు వచ్చిన వాళ్ళూ ఒకే తరం ఇంగ్లీషు మనుషులు, అలాంటి పారిష్‌ల నుంచే బయలుదేరినవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలోని బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు 1698 నుంచి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కోస్తా ఊళ్ళలో ఇంగ్లీషు సమాధి రాయి చూసి ఆ మనిషి ఎవరా అని ఆలోచించేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెట్టి, ఇదే పద్ధతిలో ఇంగ్లాండు పారిష్ దాకా వెళ్ళవచ్చు.

ఎదురు తిరిగిన కాగితం

మంచి కేసులో ఎప్పుడూ ఒక కాగితం ఎదురు తిరుగుతుంది. దాన్ని దాచేసిన రిపోర్టును నేను నమ్మను.

మేరీ చనిపోయాక 1613 మేలో ఆమె ఆస్తి జాబితా రాశారు, పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి వాళ్ళ తరఫున చూసే బాధ్యత రాబర్ట్ లైట్, థామస్ సిమ్స్ అనే ఇద్దరికి అప్పగించారు. పిల్లలుగా ఎలిజబెత్, కాన్‌స్టన్స్, జైల్స్ పేర్లే ఉన్నాయి, బాగానే ఉంది. కానీ ఆ కాగితంలో మేరీని విధవ అని రాశారు. భర్త 1613కే చనిపోయి ఉంటే, 1620లో ఓడెక్కిన స్టీఫెన్ ఎవరు?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. రెండు వివరణలు సాధ్యం. హర్స్‌లీ స్టీఫెన్ నిజంగా చనిపోయాడు, మేఫ్లవర్ మనిషి వేరు అన్నది ఒకటి. అప్పుడు స్టీఫెన్ అనే తండ్రి, కాన్‌స్టన్స్, జైల్స్ అనే పిల్లలు, తొందరగా పోయిన తల్లి, ఇదే కుటుంబ రూపం ఇంకోచోట కూడా ఉండి ఉండాలి. ఇంతవరకు ఎవరికీ అలాంటిది దొరకలేదు. రెండోది, ఊళ్ళో వాళ్ళు అతను పోయాడనుకున్నారు. సీ వెంచర్ మునిగిపోయిందని ఇంగ్లాండులో చాలాకాలం అనుకున్నారు. బతికారన్న కబురు 1610లో వచ్చినా, జేమ్స్‌టౌన్‌లో అప్పటికే ఆకలితో జనం గుంపులు గుంపులుగా చనిపోయారు. నాలుగేళ్ళుగా మొహం చూపించని మనిషి ఇంకా బతికే ఉన్నాడని హర్స్‌లీ పారిష్ ఎందుకు నమ్మాలి?

ఇక్కడ చట్టం కూడా సాయపడుతుంది. ఆనాటి ఇంగ్లీషు చట్టంలో పెళ్ళైన ఆడదాని సామాన్లన్నీ భర్తవే. భర్త ఉన్నాడంటే భార్య పేరుతో ఆస్తి జాబితా రాసే పనే ఉండదు. పారిష్ వాళ్ళు జాబితా రాసి, పిల్లల సంరక్షణ బయటివాళ్ళకు ఇచ్చారంటే, భర్త లేడనే లెక్కతోనే నడిచారు. ఆ మాట రాసినవాళ్ళ నమ్మకానికి సాక్ష్యం, స్టీఫెన్ చావుకు సాక్ష్యం కాదు. రెండో వివరణే సరైనదని నా నిర్ణయం. రిపోర్టులో మాత్రం మొదటిదాన్ని కూడా రాసి, ఎందుకు పక్కన పెట్టానో చెప్పాను.

తల్లి పోయేనాటికి కాన్‌స్టన్స్‌కు ఏడేళ్ళు, జైల్స్‌కు అయిదేళ్ళు. తండ్రి ఎక్కడో సముద్రానికి అవతల. మళ్ళీ ఆ పిల్లల పేర్లు మనకు కనిపించేది మేఫ్లవర్ జాబితాలోనే. మధ్యలో వాళ్ళను ఎవరు పెంచారో చెప్పే కాగితం ఒక్కటి దొరికినా ఈ కేసు ఇంకా గట్టిపడుతుంది.

వైట్‌చాపెల్ పెళ్ళి

లండన్ తూర్పు వైపు వైట్‌చాపెల్‌లో సెయింట్ మేరీ మాట్‌ఫెలన్ చర్చి రిజిస్టర్లో 1618 ఫిబ్రవరి 19న స్టీఫెన్ హాప్కిన్స్, ఎలిజబెత్ ఫిషర్ పెళ్ళి నమోదైంది. పాత లెక్కలో అది 1617. మేఫ్లవర్ జాబితాలో రెండో భార్య పేరు ఎలిజబెత్, ఆమె పెద్ద బిడ్డ డామరిస్ ఓడెక్కే నాటికి చిన్న పిల్ల. కాలం కుదురుతుంది, పేర్లు కుదురుతాయి. అయితే లండన్ లాంటి ఊళ్ళో పేర్లు కలవడం హర్స్‌లీలో కలిసినంత బరువైనది కాదు. అందుకని దీన్ని 'చాలావరకు నమ్మవచ్చు' అనే గడిలోనే ఉంచాను. ఆ చర్చి 1940 బాంబు దాడుల్లో ధ్వంసమైంది, ఇప్పుడు అక్కడ ఆల్తాబ్ అలీ పార్క్ ఉంది.

ఇంకో తరం పైకి

2004లో ఎర్నెస్ట్ క్రిస్టెన్సన్ అనే పరిశోధకుడు ది అమెరికన్ జీనియాలజిస్ట్ పత్రికలోనే మరో మెట్టు ప్రతిపాదించాడు. హాంప్‌షైర్‌లోనే ఆండోవర్ దగ్గరున్న అప్పర్ క్లాట్‌ఫర్డ్‌లో 1581 ఏప్రిల్ 30న ఒక స్టీఫెన్ హాప్కిన్స్‌కు బాప్టిజం జరిగింది. తండ్రి జాన్ హాప్కిన్స్, తల్లి ఎలిజబెత్ విలియమ్స్. కౌంటీ ఒకటే, వయసు సరిపోతుంది, పెద్ద కూతురికి పెట్టిన పేరు నాయనమ్మ పేరుతో కలుస్తుంది. శీర్షికలోనే పరిశోధకుడు 'బహుశా' అనే అర్థం వచ్చే మాట పెట్టాడు. ఆ మాటకు నేను చాలా గౌరవం ఇస్తాను. కానీ అది ట్రీల్లోకి ఎక్కేసరికి ఎగిరిపోయింది. ఇప్పుడు ఎక్కడ చూసినా జాన్, ఎలిజబెత్‌లను ఖాయమైన తల్లిదండ్రులుగా రాస్తున్నారు.

మేరీ పుట్టిల్లు హర్స్‌లీలోని కెంట్ కుటుంబం కావచ్చన్న పరిశోధన కూడా తర్వాత వచ్చింది. అదీ ప్రతిపాదనే.

డీఎన్ఏ తేల్చదా?

ఈ ప్రశ్న నాయనమ్మ గారే అడిగారు. మామూలుగా అందరూ చేయించుకునే డీఎన్ఏ పరీక్ష అయిదారు తరాల వరకు బాగా పనిచేస్తుంది. పన్నెండు తరాల వెనకున్న ఒక పూర్వీకుడి నుంచి మనకు ఒక్క ముక్క కూడా రాకపోవచ్చు. అందుకని అందులో హాప్కిన్స్ జాడ కనపడకపోతే వంశం అబద్ధమని కాదు. ఎవరితోనో ఒక చిన్న ముక్క కలిసినా, అది హాప్కిన్స్ దగ్గర నుంచే వచ్చిందని చెప్పలేం. ఆ పాత ఇంగ్లీషు కుటుంబాలన్నీ కేప్ కాడ్‌లో ఒకరికొకరు పిల్లల్నిచ్చి పుచ్చుకున్నవే. ఉపయోగపడేవి రెండే. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్ళే వై క్రోమోజోమ్, జైల్స్ మగ సంతతికి. తల్లి నుంచి వెళ్ళే మైటోకాండ్రియల్ డీఎన్ఏ, కాన్‌స్టన్స్ నుంచి కూతురు, కూతురి కూతురు అని తెగకుండా వచ్చిన వరసలకు. మన కోడలి వరసలో మధ్యలో కొడుకులు ఉన్నారు కాబట్టి ఏదీ కుదరలేదు. ఆ ఖర్చు వద్దని నేనే చెప్పాను.

రిపోర్టులో ఏం రాశాను

ఒకే చెట్టులో అన్ని కొమ్మలకూ ఒకే రంగు వేయడం నాకు ఇష్టం ఉండదు. ఈ కుటుంబానికి ఇచ్చిన వంశవృక్షంలో ప్రతి గీతకూ దాని బలం పక్కన రాసి ఉంటుంది. కోడలి నుంచి కాన్‌స్టన్స్ వరకు, అక్కడి నుంచి స్టీఫెన్ వరకు: రుజువైంది. హర్స్‌లీ, మేరీ: బలమైన ఆధారం ఉంది, విధవ అన్న మాట మీద అభ్యంతరం పరిశీలించాం. బెర్ముడా స్టీఫెన్ ఇతనే: బలమైన ఆధారం. ఎలిజబెత్ ఫిషర్‌తో పెళ్ళి: చాలావరకు నమ్మవచ్చు, పైగా మన కోడలి వంశానికి సంబంధం లేనిది, ఎందుకంటే కాన్‌స్టన్స్ మొదటి భార్య కూతురు. అప్పర్ క్లాట్‌ఫర్డ్ తల్లిదండ్రులు: బహుశా. వాటన్-అండర్-ఎడ్జ్, కాన్‌స్టన్స్ డడ్లీ, అక్కడి నుంచి రాజుల దాకా వెళ్ళిన కొమ్మ: తీసేశాం, కారణం జతచేశాం.

రాజుల కొమ్మ పోయినందుకు కోడలి తండ్రి కాసేపు బాధపడ్డారు. నాకు మాత్రం, ప్రభువుల రక్తం కంటే మరణశిక్ష తప్పించుకుని ఇంటికి వచ్చి, పిల్లల్ని వెంటబెట్టుకుని మళ్ళీ అదే సముద్రం ఎక్కిన మనిషి ఎంతో గొప్పగా కనిపిస్తాడు. ఆ మాట ఆయనతో చెప్పాను కూడా.

తర్వాత చేయాల్సిన పని స్పష్టంగానే ఉంది. హర్స్‌లీ ఊరు మెర్డన్ అనే మేనరు (భూస్వామి ఎస్టేటు) కింద ఉండేది, పదహారో శతాబ్దం మధ్య వరకు అది వించెస్టర్ బిషప్పుల ఆస్తి. మేనరు కోర్టు రోల్స్‌లో, అంటే ఆ ఎస్టేటు కోర్టు రికార్డుల్లో, రైతు చనిపోయినప్పుడు భూమి ఎవరి పేరుకు మారిందో, వారసుడు ఎవరో రాస్తారు. చర్చి రిజిస్టర్ మొదలవ్వక ముందు తరాల బంధుత్వాలు బయటపడేవి అక్కడే. అవి చాలావరకు లాటిన్‌లో, కుదించిన రాతలో ఉంటాయి కాబట్టి ఆ చేతిరాత చదవగలిగిన అక్కడి పరిశోధకుడికి అప్పగించమని సూచించాను. వెతకాల్సిన పేర్లుగా హాప్కిన్స్, కెంట్‌లతో పాటు ఆ పిల్లల బాధ్యత తీసుకున్న లైట్, సిమ్స్‌లను కూడా ఇచ్చాను. తల్లి పోయిన పిల్లల్ని చూసుకున్నవాళ్ళు చాలాసార్లు బంధువులే అయి ఉంటారు.